గాజు సామాను సర్దడం ఒక్క రాత్రి పని కాదు

సంపాదకులకు నమస్కారం.

బడులకు సెలవులు ఇచ్చిన దగ్గర్నుంచి మా నల్లగొండలో రోజూ ఏదో ఒక గల్లీలో ట్రాలీ ఆటోనో డీసీఎం వ్యానో ఆగి ఉంటోంది. బదిలీ అయినవాళ్లు, పిల్లల చదువుల కోసం హైదరాబాద్ పోయేవాళ్లు, ఆషాఢం వస్తే ఇల్లు మారకూడదని ముందే తొందరపడేవాళ్లు, అందరూ ఈ రెండు నెలల్లోనే కదులుతారు. మొన్న మా ఎదురింటివాళ్లు ఖాళీ చేస్తుంటే మెట్ల మీద ఒక సంచిలోంచి గాజు పగిలిన చప్పుడు వినిపించింది. ఆ ఇంటావిడ గుమ్మంలోనే కూర్చుండిపోయింది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా ఆయన ఉద్యోగంతో దేవరకొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ తిరిగి మళ్లీ నల్లగొండకు వచ్చాం. అద్దె ఇళ్లన్నీ లెక్కేస్తే ఆరు. మిర్యాలగూడ నుంచి మహబూబ్‌నగర్ పోయినప్పుడు మా అమ్మ పెళ్లినాటి జాడీ పగిలింది. పైన గోధుమరంగు, కింద తెలుపు, ఏటా మామిడికాయ తొక్కు అందులోనే పెట్టేది అమ్మ, తను పోయాక నాకు వచ్చింది. దాన్ని ఒక పాత చీరలో చుట్టి స్టీలు గిన్నెలున్న గోనెసంచిలోనే పెట్టాను, అప్పటికి రాత్రి ఒంటిగంట అయింది, తెల్లారి ఆరింటికి బండి వస్తుందన్నారు, ఇంకా వంటిల్లు సగం అలాగే ఉంది. హాలియా, మల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా ఆ దారంతా ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా స్టీలు గిన్నెలు ఆ జాడీని కొడుతూనే వచ్చాయన్నమాట. దిగాక చూస్తే నాలుగు ముక్కలు. నేను హమాలీ మీద అరిచాను. ఆయన, "గాజుదో జాడీదో ఉన్నదని ఒక్క మాట చెప్పుంటే చేతుల మీద తెస్తుంటి గదమ్మా" అన్నాడు. నిజంగా ఆయన తప్పేమీ లేదు. ఏ సంచిలో ఏముందో మేం ఎవరికీ చెప్పలేదు, దేని మీదా రాయలేదు.

ఆ తర్వాత మూడుసార్లు మారాం, ఒక్క గ్లాసు కూడా పగల్లేదు. నేర్చుకున్నది పదిమందికి పనికొస్తుందని చెప్తున్నాను.

పెట్టెలో ఖాళీ ఉండొద్దు, మొత్తం విషయం ఇదే. కిందపడి పగిలేవి కొన్నే, దారిలో ఒకదానికొకటి తగిలి పగిలేవే ఎక్కువ. అట్టపెట్టె అడుగున నలిపిన కాగితం నాలుగు వేళ్ల మందం వేయాలి, చుట్టూ గోడల పక్కన కూడా, మూత వేసేముందు పైన కూడా. సర్దాక పెట్టెను మెల్లగా అటూ ఇటూ ఊపి చూడాలి. లోపల ఏ మాత్రం చప్పుడైనా మళ్లీ విప్పాల్సిందే, విసుగు అనుకోవద్దు. పేపరును మడతపెట్టి చుడితే లాభం లేదు, ఉండలా నలిపితేనే మధ్యలో గాలి నిలిచి మెత్తగా ఉంటుంది. మీ పత్రిక పాత కాపీలే నేను వాడాను, కాకపోతే తెల్ల పింగాణీ కప్పులకు సిరా అంటుకుంటుంది కాబట్టి వాటికి ముందు పాత నూలుగుడ్డ చుట్టి ఆ పైన పేపరు వేయాలి.

ప్లేట్లను ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి సర్దుతారు చాలామంది, నేనూ అంతే చేసేదాన్ని. అలా చేస్తే పైవాటి బరువంతా అడుగు ప్లేటు మీద పడుతుంది, బండి ఎగిరినప్పుడల్లా దానికే దెబ్బ. షెల్ఫులో పుస్తకాలు పెట్టినట్టు నిలబెట్టాలి, ఒక్కోదానికీ విడిగా కాగితం చుట్టి. గ్లాసులయితే లోపల కూడా కాగితం కుక్కి మూతి పైకి ఉండేలా పెట్టాలి, వాటి మీద ఇంకే బరువూ వద్దు. పెట్టె ఒక మనిషి తేలిగ్గా ఎత్తేలా ఉండాలి, 15 కిలోలు దాటకపోతే మంచిది. పెద్ద పెట్టె దొరికింది కదా అని సామాను నింపేస్తే ఎత్తేటప్పుడు అడుగు విచ్చుకుంటుంది, అందుకే అడుగున టేపు రెండు వరసలు వేయాలి. పెద్ద పెట్టెలు దిండ్లకూ బట్టలకూ ఉంచుకోండి.

వీటికి డబ్బులు పెట్టి కొనాల్సినవి తక్కువే. కిరాణా కొట్లో సబ్బుల పెట్టెలు, మందుల షాపు పెట్టెలు రెండు రోజుల ముందు చెప్పి ఉంచితే ఇస్తారు. వైన్‌షాపులో సీసాలు వచ్చే పెట్టెల్లో అట్టతో గళ్లు ఉంటాయి, పొడవు గ్లాసులకు, నూనె సీసాలకు వాటిని మించినవి లేవు, మా అబ్బాయిని పంపి తెప్పించాను. 30 గుడ్లు పట్టే అట్ట ట్రేలు కోళ్ల ఫారాల పుణ్యమా అని మన దగ్గర ఏ గల్లీలోనైనా దొరుకుతాయి, అవి అడుగున రెండు వేస్తే మంచి మెత్త, బొమ్మల కొలువులో పెట్టే చిన్న చిన్న మట్టి బొమ్మలయితే ఆ గుంటల్లోనే ఒదిగిపోతాయి. ఊక సంగతి మిర్యాలగూడ వాళ్లకు చెప్పక్కర్లేదు, అన్ని రైస్ మిల్లులున్న ఊరది. మా నాయనమ్మ గుడ్లను ఊకలో పెట్టి పండక్కి ఊరి నుంచి పంపేది, కుండల బండ్లు వరిగడ్డి పరిచే వచ్చేవి. మిగిలిన ఒక్క చిన్న జాడీని నేను బకెట్‌లో ఊక పోసి మధ్యలో దింపి తెచ్చాను, ఊకను మాత్రం ముందు ఎండబెట్టుకోవాలి, లేకపోతే పురుగు వస్తుంది. ఇక పాత చీరలు, బొంతలు, తువ్వాళ్లు ఎలాగూ మోసుకుపోవాల్సినవే కదా, విడిగా మూటకట్టే బదులు వాటినే గాజు సామాను చుట్టూ పెట్టొచ్చు. మహబూబ్‌నగర్‌లో మా పక్కింటావిడ బొంబాయి పనికి పోయి ఏటా తిరిగొచ్చేది, పాలమూరు వలస సంగతి మీకు తెలిసిందే. బస్సులో, జనంలో, ఇద్దరు పిల్లల్ని పట్టుకుని ఆవిడ అక్కడ కొన్న గోడ అద్దాన్ని రెండు బొంతల మధ్య పెట్టి కుట్టు వేసి తెచ్చింది, చిన్న గీత కూడా పడలేదు. నాకు సర్దడం నేర్పింది ఆవిడే.

అద్దాలు, దేవుని పటాలు ఎప్పుడూ నిలబెట్టే తీసుకుపోవాలి. రెండు పటాలను గాజు వైపు గాజు వచ్చేలా ఎదురెదురుగా పెట్టి మధ్యలో తువ్వాలు వేసి తాడు కట్టండి. డ్రెస్సింగ్ టేబుల్ అద్దం మీద టేపుతో అడ్డంగా నిలువుగా గీతలు వేస్తారు, దాంతో అద్దం పగలకుండా ఆగదు, పగిలితే ముక్కలు చెదరవు అంతే, కాబట్టి టేపు వేశాం కదా అని వదిలేయొద్దు, దుప్పటి చుట్టి పరుపుకీ బీరువాకీ మధ్య పెట్టాలి. విప్పిన స్క్రూలు చిన్న కవర్లో వేసి అద్దం వెనకాలే అంటించండి.

టీవీ కొన్నప్పటి పెట్టె, థర్మోకోల్ పారేయకుండా అటక మీద ఉంచుకున్నవాళ్లు ధన్యులు. లేనివాళ్లు తెరకు మెత్తటి బట్ట, దాని మీద అట్టముక్క, దాని మీద దుప్పటి చుట్టి నిలబెట్టే తీసుకుపోవాలి, పడుకోబెడితే తెర పగిలే ప్రమాదం ఉంది. వెనక వైర్లు విప్పేముందు ఫోన్లో ఒక ఫొటో తీసుకుంటే అక్కడ టెన్షన్ ఉండదు. ఫ్రిజ్ ముందురోజే ఆపి, ఐసు కరిగించి, లోపలి గాజు అరలు తీసి విడిగా చుట్టాలి. నిలువుగానే తేవాలి, దించాక కొన్ని గంటలు ఆగి స్విచ్ వేయాలి. ఫ్లోరైడ్ భయంతో మా జిల్లాలో ఇంటింటికీ వాటర్ ఫిల్టర్ ఉంటుంది, అందులో నీళ్లు పూర్తిగా వంచేసి తీసుకుపోండి. ఇన్వర్టర్ బ్యాటరీ ఒరిగితే యాసిడ్ కారుతుంది, దాన్ని గాజు సామాను దగ్గర పెట్టనే వద్దు. గ్యాస్ సిలిండర్ సామానుతో పాటు మూసిన బండిలో వేయకండి, వేరే ఊరికి పోయేవాళ్లు ఏజెన్సీలో అప్పగించి కొత్త ఊళ్లో కనెక్షన్ కోసం ట్రాన్స్‌ఫర్ వోచర్ తీసుకోవచ్చు.

ఇవన్నీ ఒక్క రాత్రిలో అయ్యేవి కావు. అసలు నా బాధంతా ఇక్కడే. ఇంటి ఓనర్లు ఒకటో తారీఖు పొద్దున్నే తాళం ఇవ్వమంటారు, కొత్త ఇంటివాళ్లు కూడా అప్పటిదాకా తాళం ఇవ్వరు, ముందున్న ఆ ఒక్క రాత్రే మనది. మంచిరోజు చూసి ఒకపూట పోయి పాలు పొంగించి వస్తామన్నా ఒక నెల అద్దె అడిగినవాళ్లున్నారు. ఓనర్లను నేను చేతులెత్తి అడుగుతున్నాను, ఇల్లు ఖాళీగానే ఉంటే రెండు మూడు రోజుల ముందు తాళం ఇవ్వండి. గాజు పెట్టెలు, పటాలు ముందే స్కూటర్ మీదో ఆటోలోనో రెండు విడతల్లో చేరవేసుకుంటాం, బండి రోజున బరువు సామాను మాత్రమే మిగులుతుంది. అద్దెకుండే మనం కూడా అటక మీది సామాను, షోకేసులో బొమ్మలు, పండగలకు తప్ప తియ్యని డిన్నర్ సెట్ వారం ముందే సర్దేయొచ్చు, చివరి రోజుకు నాలుగు గిన్నెలు చాలు.

బండి ఎక్కించేటప్పుడు గాజు పెట్టెలను డ్రైవర్ క్యాబిన్‌కు ఆనించి ముందువైపు పెట్టించండి. బండి తోక భాగమే ఎక్కువ ఎగురుతుంది. జూన్‌లో వాన ఎప్పుడు పడుతుందో తెలియదు, తడిసిన అట్టపెట్టె పట్టుకుంటేనే చిరుగుతుంది, టార్పాలిన్ ఉందో లేదో ముందే అడగాలి. సామాను తరలించే కంపెనీవాళ్లతో మాట్లాడుకుంటే సామాను లిస్టు, బీమా సంగతి కాగితం మీద రాయించుకోండి. మా చెల్లెలి టీవీ అలాగే పగిలితే రసీదు వెనక చిన్న అక్షరాల్లో ‘ఓనర్స్ రిస్క్’, అంటే పగిలితే నష్టం సామాను వాళ్లదే అని ఉందని చూపించి పంపేశారు. ఎక్కించేముందు ఫొటోలు తీసుకుని ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి అడగడానికి ఆధారం ఉండేది.

చివరగా సంపాదకులకు ఒక విన్నపం. పెట్టెల మీద మనం ఇంగ్లిష్‌లో ఫ్రాజైల్ (పగిలిపోయేది) అని రాస్తాం, కొన్నప్పటి పెట్టెల మీద కూడా అదే అచ్చయి ఉంటుంది. మోసే హమాలీల్లో ఇంగ్లిష్ చదవలేనివాళ్లే ఎక్కువ, ఇప్పుడు వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు, వాళ్లకు తెలుగూ రాదు. మీ జిల్లా పేజీలో ఒక ఆదివారం అరపేజీ కేటాయించి, పెద్ద గాజుగ్లాసు బొమ్మ, పైకి చూపే బాణం గుర్తు, కింద ‘గాజు సామాను, మెల్లగా’ అని లావు అక్షరాలతో నాలుగైదు చీటీలు అచ్చు వేయండి. కత్తిరించి పెట్టెకు నాలుగు వైపులా అంటించుకుంటాం. బడులు తెరిచేలోపు వేస్తే ఈ ఏడాది మారేవాళ్లకే పనికొస్తుంది, మా వెనక గల్లీలోనే ఇంకో మూడు ఇళ్లవాళ్లు పెట్టెలు సర్దుకుంటున్నారు.

ఇట్లు,
ఒక గృహిణి, నల్లగొండ