72 గంటల తుపాను హెచ్చరికలో ఫ్రీజర్‌కూ చోటివ్వండి

సంపాదకులకు,

తుపాను వస్తోందంటే చెన్నైలో కొవ్వొత్తులు తెచ్చుకోమంటారు, ఫోన్లు చార్జ్ చేసుకోమంటారు, మంచినీళ్లు పట్టుకోమంటారు. ఫ్రీజర్ మాట ఎత్తేవాళ్లు తక్కువ. 2016లో వర్దా, 2023లో మిచౌంగ్ వచ్చినప్పుడు చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు. మిచౌంగ్ తీరం దాటింది బాపట్ల దగ్గర, మునిగింది మాత్రం చెన్నైలోని వేళచ్చేరి, పళ్లికరణై. వీధిలో నీళ్లు నిలిచాక సరఫరా ఆపడం సబబే, ప్రాణాల కంటే ఏదీ ఎక్కువ కాదు. కానీ చేపలు, ఐస్‌క్రీమ్, దోశపిండి అమ్ముకునేవాళ్లకు ఫ్రీజర్‌లో ఉన్నదే పెట్టుబడి. దాన్ని కాపాడుకునే దారి ఉంది. మూడు రోజుల ముందు మొదలుపెట్టాలి, అంతే.

ఇన్వర్టర్ ఉందిగా అని ధీమాగా ఉండేవాళ్లు ముందు లెక్క చూసుకోవాలి. 200 నుంచి 300 లీటర్ల పెట్టె ఫ్రీజర్ కంప్రెసర్ తిరిగేటప్పుడు 100 నుంచి 150 వాట్లు లాగుతుంది. ఆగుతూ తిరుగుతూ 12 గంటలకు ముప్పావు యూనిట్ దాకా అవుతుంది. ఇళ్లలో ఉండే 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1.8 యూనిట్లు ఉంటాయి. సగానికి మించి వాడితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. ఆ సగంలోనూ 15 నుంచి 20 శాతం ఇన్వర్టర్ దగ్గరే పోతుంది. చేతికి దక్కేది ముప్పావు యూనిటే. అంటే బ్యాటరీ కొత్తదై, నిండా చార్జ్ అయి, ఫ్రీజర్ ఒక్కటే నడిస్తే సరిగ్గా ఒక్క రాత్రి. రెండు ఫ్యాన్లు కూడా వేశారో, మూడు నాలుగు గంటల్లో ఆ వాటా అయిపోతుంది.

మొదలయ్యే క్షణంలో కంప్రెసర్ మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. చవకరకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద చాలాసార్లు మోటారు మూలుగుతుందే గానీ తిరగదు. కొన్ని సెకన్లకు వెనకాల మోటారును కాపాడే ఓవర్‌లోడ్ స్విచ్ టిక్కుమని తెగుతుంది, చల్లారాక మళ్లీ అదే వరస. ఆ టిక్కు రెండుసార్లు వినిపిస్తే ప్లగ్ పీకేయండి, లేకపోతే మోటారు లోపలి తీగచుట్ట (వైండింగ్) కాలిపోతుంది. ప్యూర్ సైన్ వేవ్, 1 కేవీఏకి తగ్గని ఇన్వర్టర్ ఉండాలి. అదీ ఉండి ఫ్రీజర్ మొరాయిస్తే బ్యాటరీ టెర్మినళ్లు చూడండి. తెల్లగానో పచ్చగానో పొడి పట్టి ఉంటే కంప్రెసర్ లేచేటప్పుడు వోల్టేజీ అక్కడే పడిపోతుంది, ఇన్వర్టర్ 'లో బ్యాటరీ' అని ఆగిపోతుంది. వైర్లు విప్పి, శుభ్రం చేసి, బిగించి, వాజిలిన్ రాస్తే సరిపోతుంది. కరెంటు వచ్చిపోతూ ఉంటే మాత్రం కంప్రెసర్ ఆగిన ఐదు నిమిషాల దాకా మళ్లీ వేయకూడదు, లోపల గ్యాస్ ఒత్తిడి సర్దుకోవాలి.

ఇంతకంటే చవకైన బ్యాటరీ ఫ్రీజర్ లోపలే ఉంది. అది మంచు. కిలో మంచు కరగడానికి 93 వాట్ అవర్ల వేడి కావాలి. మూత తీయకపోతే 12 గంటల్లో ఫ్రీజర్‌లోకి చొరబడే వేడి ఒక యూనిట్‌కు, అంటే వెయ్యి వాట్ అవర్లకు కాస్త అటూ ఇటూ. కాబట్టి పది లీటర్ల మంచుతో రాత్రి గడిచినట్టే. అయితే వట్టి మంచు సున్నా డిగ్రీల దగ్గర గానీ కరగదు, అప్పటికే చేప మెత్తబడుతుంది, ఐస్‌క్రీమ్ కారిపోతుంది. అందుకే లీటరు నీళ్లలో 100 గ్రాముల రాళ్ల ఉప్పు కలపాలి. అప్పుడు లోపలి చలి మైనస్ 6 డిగ్రీలకు చేరేలోపే కరగడం పూర్తవుతుంది. ఫ్రీజర్ మామూలుగా ఉండే మైనస్ 18 డిగ్రీల దగ్గర ఈ నీళ్లలో సగానికి కాస్త ఎక్కువే గడ్డకడుతుంది, గుజ్జులా ఉంటుంది. అందుకని పదికి బదులు పదహారు సీసాలు కావాలి. సీసాలో పదో వంతు ఖాళీ ఉంచకపోతే పగులుతుంది. చలి కిందికే దిగుతుంది కాబట్టి సీసాలు సరుకు మీద పరచండి.

తొందరపడి పదహారూ ఒకేసారి పెడితే ఉన్న సరుకు మెత్తబడుతుంది. రోజుకు ఐదారు చొప్పున మూడు రోజులు పెట్టాలి. వాతావరణ శాఖ తుపానుకు 72 గంటల ముందు ఒక హెచ్చరిక, 48 గంటల ముందు ఒకటి, 24 గంటల ముందు ఇంకొకటి ఇస్తుంది. మొదటి దానితో సీసాలు మొదలుపెట్టాలి. మూడోది రాగానే థర్మోస్టాట్ బాగా చల్లదనం వైపు చివరిదాకా తిప్పి, వరద నీళ్లు తగలకుండా ఫ్రీజర్‌ను రెండడుగుల ఎత్తుకు లేపాలి. కరెంటు పోయాక మందపాటి దుప్పటి కప్పొచ్చు. ఇన్వర్టర్ మీద నడుస్తుంటే కప్పకూడదు, పెట్టె ఫ్రీజర్లలో చాలావాటికి వేడి పక్క గోడల నుంచే బయటికి పోవాలి.

మేడ మీద సోలార్ ఉంది కదా అనుకోవద్దు. బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు కలిపిన సోలార్, లైన్‌మన్ ప్రాణానికి ముప్పు లేకుండా, కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. చిన్న జనరేటర్ తెచ్చి గోడ ప్లగ్‌లో గుచ్చితే కరెంటు వీధి తీగల్లోకి ఎదురెక్కి ఆ ముప్పు మీరే తెచ్చినట్టు. దాన్ని బాల్కనీలో, మెట్ల కింద, సెల్లార్‌లో నడిపితే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా తెలియకుండా చంపేస్తుంది.

72 గంటల హెచ్చరిక వెలువడిన రోజే ఈ జాగ్రత్తలు కార్పొరేషన్ ప్రకటనలో రావాలి. ఏ వీధికి సరఫరా ఎప్పుడు ఆపవచ్చో, తిరిగి ఎప్పుడు ఇవ్వవచ్చో విద్యుత్ సంస్థ పూట ముందు చెప్పాలి. లిఫ్టుకూ నీళ్ల మోటారుకూ జనరేటర్ ఉన్న అపార్టుమెంట్లు కింద ఒక ఉమ్మడి ఫ్రీజర్ పాయింటు పెట్టుకుంటే చుట్టుపక్కల చిన్న దుకాణానికీ ఆసరా అవుతుంది. నగరంలోని తెలుగు సంఘాలు ఈ విషయాలు ఒక్క పేజీలో అచ్చు వేయించి కాసిమేడు, పెరంబూరు దుకాణాల్లో పంచాలని కోరుతున్నాను. ఆ పేజీలో ఇది కూడా ఉండాలి: గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి నాణెం పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. కరెంటు వచ్చాక నాణెం అడుగున కనిపిస్తే లోపలి మంచు ఒకసారి పూర్తిగా కరిగినట్టే, ఆ చేపా మాంసమూ అమ్మకండి, తినకండి.

ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై