బన్నీ గుండెజబ్బు, చైనా మూలికలు

ఒరేయ్ రమణా,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. మీ కుక్క బన్నీకి గుండెలో మర్మర్ అనే అదనపు చప్పుడు ఉందన్నారనీ, గుండె స్కాన్ (ఎకో)లో గుండె పెరిగినట్టు కనిపించిందనీ, జీవితాంతం పిమోబెండాన్ అనే గుండె మాత్ర వెయ్యాలంటే భయమేసి చైనా మూలికల వైపు మనసు పోతోందనీ చెప్పావు. ఫోన్లో అయితే సగం మర్చిపోతాను, అందుకే కూర్చుని రాస్తున్నా. మా కుక్క లడ్డూకి రెండూ వాడుతున్నవాణ్ణి కాబట్టి వివరంగా చెప్తా. నేను చెప్పేదంతా చదివి ఏ నిర్ణయానికొచ్చినా సరే, ఆ మాత్ర మాత్రం ఆపకు.

బన్నీకి వచ్చింది పొమెరేనియన్లకీ, మా లడ్డూలాంటి కావలియర్లకీ, ఇంకా చాలా చిన్న జాతులకీ వయసు మళ్ళాక వచ్చే జబ్బు. గుండెలో ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ కవాటం మందమై, వానాకాలంలో ఉబ్బిన తలుపులా సరిగ్గా మూసుకోదు. కింది గది బిగిసినప్పుడల్లా కొంత రక్తం వెనక్కి చిమ్ముతుంది. డాక్టరుగారు స్టెతస్కోపులో విన్నది ఆ చప్పుడే. అరిగిన కవాటాన్ని ఏ మాత్రా బాగు చెయ్యదు, ఏ వేరూ బాగు చెయ్యదు. గుండె మీద భారం తగ్గించి, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరే రోజుని వెనక్కి నెట్టడమే మన చేతిలో ఉంది.

ఆ పని పిమోబెండాన్ చేస్తుందని రుజువైంది. ఎపిక్ అనే పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. గుండె పెరిగి, ఇంకా నీరు చేరని 360 కుక్కల మీద చేశారు. అంటే బన్నీ ఇప్పుడున్న స్థితే. ఈ మందు వేసిన కుక్కలకి హార్ట్ ఫెయిల్యూర్ వచ్చేసరికి దాదాపు 15 నెలలు ఆలస్యమైంది. కుక్క బతుకులో 15 నెలలంటే ఎంతో ఆలోచించు. మూలికలకి ఈ స్థాయి పరీక్ష లేదు. కాబట్టి దీన్ని తీసేసి ఆ స్థానంలో మూలికలు పెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

మరి నువ్వెందుకు వాడుతున్నావురా అంటావు. లడ్డూకి నీరు చేరి, ఆ నీటిని మూత్రంలో బయటికి పంపే లాసిక్స్ మందు మొదలుపెట్టాక తిండి మానేశాడు. చికెన్ పెట్టినా వాసన చూసి మొహం తిప్పేసేవాడు. ఇక్కడ ఫ్లోరిడాలో రెడ్డిక్ అనే చిన్న ఊరుంది. చైనా నుంచి వచ్చిన హుయిషెంగ్ షియె అనే పశువైద్యుడు 1998లో అక్కడ చి ఇన్‌స్టిట్యూట్ పెట్టి, మామూలు వెటర్నరీ డాక్టర్లకే ఆక్యుపంక్చర్, మూలికలు నేర్పిస్తూ వచ్చాడు. చైనాలో ఇది నిన్నమొన్నటి విద్య కాదు. గుర్రాల వైద్యం మీద ఇద్దరు అన్నదమ్ములు రాసిన పెద్ద గ్రంథం 1608 నాటిది. ఈ పద్ధతి నేర్చుకున్న ఒక డాక్టరమ్మ దగ్గరికి లడ్డూని తీసుకెళ్ళాం, మా కార్డియాలజిస్టుకి ముందే చెప్పి.

ఆవిడ నేల మీదే కూర్చుంది. వెనక కాళ్ళ లోపలివైపు, రెండు తొడల దగ్గరా ఒకేసారి వేళ్ళు పెట్టి చాలాసేపు నాడి చూసింది. పెదవి పక్కకి లాగి నాలుక రంగు చూసింది. కాస్త ఊదా రంగులో ఉంది, వాళ్ళ లెక్కలో రక్తం సరిగ్గా కదలట్లేదని. చల్లటి గచ్చు మీద పడుకుంటాడా, దుప్పట్లో దూరతాడా అని అడిగింది. ఇవన్నీ అయ్యాక ఆవిడ అడిగిన ప్రశ్న వల్లే నాకు నమ్మకం కుదిరింది. "పొటాషియం ఎంతుంది? కిడ్నీ రిపోర్టు తెచ్చారా?" అంది.

ఎందుకంటే, గుండె దడకీ గతి తప్పిన నాడికీ చైనాలో దాదాపు 1,800 ఏళ్ళ నుంచీ చెప్పుకునే ఒక కషాయం ఉంది. దాంట్లో ముఖ్యమైన దినుసు తేనెలో వేయించిన అతిమధురం. మనం గొంతు బాగోకపోతే బుగ్గన పెట్టుకుంటామే, అదే. ఎక్కువగా వాడితే అతిమధురం ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచి పొటాషియాన్ని బయటికి పంపేస్తుంది. లాసిక్స్ కూడా పొటాషియాన్ని లాగేస్తుంది. రెండూ కలిస్తే పొటాషియం పడిపోయి గుండె గతి తప్పే ప్రమాదం ఉంది. గుండె కోసం పుట్టిన కషాయమే గుండెకి చేటు చేస్తుందన్నమాట! అందుకే ఆవిడ అతిమధురం లేకుండా పొడి ఇచ్చింది. దాన్ని గుమ్మడికాయ గుజ్జులో కలిపి పెడుతున్నాం.

ఇంకో దినుసు ఫూజి. అది మన వత్సనాభి జాతిదే. అక్కడ గంటల తరబడి ఉడికించి విషం తగ్గించి వాడతారు. ఆ శుద్ధి సరిగ్గా జరగకపోతే నేరుగా గుండె మీదే దెబ్బ. డాన్‌షెన్ అనే ఎర్రటి వేరు రక్తాన్ని పల్చన చేస్తుంది, కాబట్టి రక్తం గడ్డకట్టకుండా మందులు వాడే పిల్లులకి ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నువ్వు లింకు పంపిన సీసా మీద దినుసుల పేర్లే లేవు, గమనించావా? అమెరికాలో పరీక్ష చేసిన కొన్ని చైనా మాత్రల్లో సీసం, పాదరసం, పైకి చెప్పకుండా కలిపిన ఇంగ్లీషు మందులు బయటపడ్డాయి. నువ్వు దాన్ని ఆర్డర్ చేస్తే నాకు కోపం వస్తుంది.

అమ్మ తెల్లమద్ది బెరడు కషాయం పట్టమంటున్నారన్నావు. ఆవిడ ప్రేమ నాకు తెలుసు, ఆ చెట్టంటే నాకూ గౌరవమే. కానీ అదీ గుండె మీద పనిచేసేదే కదా, డాక్టరుగారికి చెప్పకుండా ఒక్క చెంచా కూడా వద్దని నా మాటగా చెప్పు.

మా వాడి సంగతి అంటావా, పొడి మొదలుపెట్టాక ఆకలి తిరిగొచ్చింది, సాయంత్రం వీధి చివరిదాకా నడుస్తున్నాడు. లాసిక్స్ డోసు మాత్రం తగ్గలేదు, తగ్గుతుందని ఆవిడా అనలేదు. ఆ నిజాయితీ కోసమే మళ్ళీ మళ్ళీ వెళ్తున్నాను.

బన్నీకి ఇవాళ్టి నుంచే నువ్వు చెయ్యగలిగింది ఒకటుంది. గాఢంగా నిద్రపోతున్నప్పుడు ఛాతీ లేచి పడితే ఒకటి అని లెక్కపెట్టు. 30 సెకన్లు చూసి రెట్టింపు చెయ్యి. నిమిషానికి 30 దాటకూడదు. దాటుతూ ఉంటే తెల్లారేదాకా ఆగకుండా డాక్టరుకి ఫోన్ చెయ్యి. చెల్లెమ్మకి కూడా నేర్పు, నువ్వు ఊళ్ళో లేనప్పుడు తను చూస్తుంది. పిమోబెండాన్ తిండికి గంట ముందు వెయ్యాలి, రోజుకి రెండు పూటలా.

ఎకో రిపోర్టు ఫొటో తీసి పంపు. అందులో ఎల్ఏ (ఎడమ పై గది), ఏఓ (గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని) అని పక్కపక్కన రాసి, రెంటి కొలతల నిష్పత్తిగా ఒక అంకె ఉంటుంది. అది 1.6గానీ ఆపైనగానీ ఉంటే ఎడమ పై గది పెరిగిందని లెక్క. ఆదివారం మీ పొద్దున పూట వీడియో కాల్ చేస్తా, బన్నీని ఒళ్ళో కూర్చోపెట్టుకో.

నీ
ప్రసాద్