గచ్చు పోయకముందే ఒక మాట

దేవరకొండ

బిడ్డా,

నువ్వు పంపిన చెక్కపని షెడ్డు డ్రాయింగ్ చూశాను. గోడలున్నాయి, కిటికీలున్నాయి, చుట్టూ వరసగా స్విచ్‌బోర్డులున్నాయి. మిషన్లు మాత్రం ఎక్కడా లేవు. రంపం మిషన్ ఎక్కడ ఉంటుంది, చెక్క ఎటు నుంచి ఎటు పోతుంది, నువ్వు ఎటు నిలబడి తోస్తావు, ఇవి తేలకుండా బోర్డులు పెడితే రేపు ఎక్స్‌టెన్షన్ వైర్లు కాళ్లకు చుట్టుకుంటాయి. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నా.

ముందు చాక్‌పీసుతో నేల మీద మిషన్లను గీయి. ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటు పొడుగునా కోయాలంటే రంపానికి ముందు ఎనిమిదడుగులు, వెనక ఎనిమిదడుగులు ఖాళీ కావాలి. అంటే ఆ మిషన్ షెడ్డు నడుమకే వస్తుంది. దానికి కరెంటు గచ్చు కింద పైపులోంచి రావాలి. పక్కనే ఇంకొక ఖాళీ పైపు వేయించి, తర్వాత వైరు లాగడానికి లోపల జీఐ (జింకు పూసిన ఇనుము) తీగ ఒకటి వేసి వదిలేయమను. రేపు త్రీఫేజ్ మిషన్ కొంటే గచ్చు పగలగొట్టే పని తప్పుతుంది. మిగతా వైరింగ్ గోడల మీద పైకే కనపడేటట్టు పీవీసీ పైపుల్లో పోనీ. గోడ కొట్టి లోపల దాచాలని అల్లుడు అంటున్నాడట. డ్రాయింగ్ రూములో అయితే సరే, షెడ్డులో ఆరు నెలలకొకసారి ఏదో ఒకటి జరుపుతూనే ఉంటావు.

రంపం 2 హెచ్‌పీ అన్నావు. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. మోటారు లోపల వృథాగా పోయేది, పవర్ ఫ్యాక్టరూ (గుంజిన కరెంటంతా పనికి మారదనే లెక్క) కలుపుకుంటే 230 వోల్టుల మీద పది, పదకొండు ఆంపియర్లు గుంజుతుంది. స్టార్టింగులో ఒక్క క్షణం దానికి ఐదారు రెట్లు. లైట్లకు పెట్టే బీ రకం ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతట అదే ఆఫ్ అయ్యే స్విచ్) ఆ దెబ్బకే పడిపోవచ్చు, షాపులో ఆ దెబ్బ ఓర్చే సీ రకం అడుగు. ఆ మోటారు లైనుకు 4 స్క్వేర్ ఎంఎం కాపర్ వైరు వేయించు. 2.5 మోయలేదని కాదు, మీ మీటరు ఇంటి ముందర, షెడ్డు వెనకాల. దూరం పెరిగితే వోల్టేజీ పడుతుంది, వోల్టేజీ పడితే అదే పని చేయడానికి మోటారు ఎక్కువ ఆంపియర్లు గుంజి వేడెక్కుతుంది. నా దగ్గరికి వైండింగుకు వచ్చే మోటార్లలో చాలావాటి కథ ఇదే. మీటరు నుంచి షెడ్డు డీబీ (ఎంసీబీలన్నీ ఉండే పెట్టె) దాకా 6 స్క్వేర్ ఎంఎం పెట్టు. అన్ని మిషన్లూ కలిపి లోడు లెక్కేసి భయపడకు. పనిచేసేది నువ్వొక్కదానివే, ఒకేసారి నడిచేవి రంపమూ పొట్టు లాగే మిషనూ. ఆ రెంటికీ వేరువేరు లైన్లు ఇస్తే చాలు.

లైట్లను మాత్రం మిషన్ల లైను మీద పెట్టకు. చెక్క ఇరుక్కొని ఎంసీబీ పడిందనుకో, రంపం పళ్లు ఇంకా తిరుగుతూనే ఉంటాయి. అదే సమయంలో లైటు కూడా ఆరిపోతే చెయ్యి ఎక్కడుందో నీకే తెలియదు. లైట్లకు వేరే లైను, అందులో ఒకటి ఇన్వర్టర్ మీద. పాత చోకు ట్యూబులైట్లు మిషన్ దగ్గర వద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ వెలుతురు సెకనుకు వంద సార్లు మినుకుతుంది. తిరిగే బ్లేడు ఒక్కోసారి ఆగినట్టో, మెల్లగా పోతున్నట్టో కనపడుతుంది. మినుకని మంచి ఎల్‌ఈడీలు పెట్టుకో.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. మన రైతులు బోరు మోటార్లకు ఆటోస్టార్టర్లు ఎందుకు పెట్టుకున్నారో నీకు తెలుసు. కరెంటు ఏ అర్ధరాత్రి వచ్చినా మోటారు దానంతట అదే లేవాలని. 2018లో తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైనప్పుడు వాటిని తీసేయమని ఊరూరా చెప్పాల్సి వచ్చింది, అంతగా అలవాటైపోయాయి. రంపానికి సరిగ్గా దీనికి ఉల్టా కావాలి. నువ్వు పనిలో ఉండగా కరెంటు పోతుంది, స్విచ్ ఆన్‌లోనే మరిచి బ్లేడు మార్చడానికి చెయ్యి పెడతావు, కరెంటు వస్తుంది. అందుకే మామూలు స్విచ్ కాకుండా నో వోల్ట్ కాయిల్ ఉన్న స్టార్టర్ పెట్టించు. కరెంటు పోతే అది వదిలేస్తుంది, నువ్వు మళ్లీ పచ్చ బటన్ నొక్కితే తప్ప మోటారు లేవదు. మోకాలికి తగిలే ఎత్తులో ఒక పెద్ద ఎర్ర బటన్ కూడా. చేతులు రెండూ చెక్క మీద ఉంటాయి కదా. బ్లేడు మార్చేటప్పుడు ప్లగ్గు పీకడం మాత్రం ఇవన్నీ ఉన్నా మానకు, పైలం.

ఎర్తింగు ఇంటి ఎర్తుకే కలిపేస్తానని మేస్త్రీ అంటే, అది ఎట్లా ఉందో ముందు ఎర్తు కొలిచే మీటరుతో చూపించమను. నీళ్ల పైపుకు తీగ చుట్టి ఎర్తింగు అయిపోయిందనే వాళ్లున్నారు. ఇప్పుడు పైపులన్నీ ప్లాస్టిక్‌వే. మన మొరం నేల, ఎండాకాలం తేమ ఎక్కడికో దిగిపోతుంది. గుంత తవ్వించి రెండున్నర మీటర్ల జీఐ పైపు దింపించు, చుట్టూ బొగ్గూ ఉప్పూ. పైన గరాటు పెట్టించి ఎండాకాలమంతా నీళ్లు పోస్తూ ఉండు. షెడ్డు రేకుల ఫ్రేముకు కూడా ఎర్తు కలపాలి. డీబీలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే ఆపేసే స్విచ్) తప్పనిసరి. అది షాకు నుంచి కాపాడుతుంది, ఓవర్‌లోడు దానికి పట్టదు. ఎంసీబీ బదులు అదొక్కటే పెడతానంటే ఒప్పుకోకు.

బల్లలు అమ్మడం మొదలుపెడితే ఇంటి మీటరు మీద నడపకూడదు. కనెక్షన్ కేటగిరీ మార్పించుకోవాలి, లోడు కూడా పెంచి రాయించుకోవాలి. కరెంటు ఆఫీసులో ముందే అడిగి పెట్టుకో.

మిషన్ల నేమ్‌ప్లేట్ల ఫొటోలు పంపు, ఆంపియర్లు చూసి వైరింగ్ సామాన్ల లిస్టు రాసిస్తాను. అంతవరకు మేస్త్రీని గచ్చు పోయనివ్వకు. అమ్మ కంది పొడి కట్టి పెట్టింది, బస్సులో పంపాలా, నువ్వే వస్తావా అని అడగమంది.

మీ నాయిన