చెయ్యి తిరగకుండానే ఎక్స్‌రే డిగ్రీ చేతికిస్తే ఎలా?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఇంటర్ బైపీసీ అయిన పిల్లలు ఈమధ్య చాలామంది ఎక్స్‌రేలు, స్కాన్లు తీయడం నేర్పే బీఎస్సీ మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీలో చేరుతున్నారు, కౌన్సెలింగ్ టైంలో మీ పేపర్లో కూడా ఎక్కడ ఎన్ని సీట్లు, ఫీజెంత, ఉద్యోగాలు వస్తాయా రావా అని రాస్తుంటారు, తల్లిదండ్రులు కూడా అవే అడుగుతారు, తప్పులేదు. కానీ మా అమ్మాయి ఈ మూడేళ్లలో తన చేత్తో ఎన్ని ఎక్స్‌రేలు తీస్తుంది, పక్కన నిలబడి నేర్పేది ఎవరు అని అడిగినవాళ్లని నేనైతే చూళ్లేదు. నేను పాత సీఆర్ఏ (రేడియోలాజికల్ అసిస్టెంట్ సర్టిఫికెట్) కోర్సు చేసి ప్రభుత్వాసుపత్రిలో రేడియోగ్రాఫర్‌గా చేరినవాణ్ణి. డార్క్ రూమ్‌లో ఫిల్ములు కడిగిన రోజుల నుంచి ఇప్పటి డీఆర్ (డిజిటల్) మెషీన్ల దాకా చూశాను, పోస్టింగ్‌కి వచ్చే స్టూడెంట్లకి చేతనైనంత నేర్పుతూనే ఉన్నాను.

వచ్చేవాళ్లు తెలివైన పిల్లలండి. ఎక్స్‌రేలు పుట్టించే ట్యూబ్ బొమ్మ గీసి భాగాలన్నీ గుర్తిస్తారు, రాంట్‌జెన్ 1895 నవంబర్ 8న ఎక్స్‌రేలు కనిపెట్టాడని చెప్తారు. అదే ఒక ముసలావిడని స్టాండ్ ముందు నిలబెట్టి చెస్ట్ పీఏ (వెనకనుంచి తీసే ఛాతీ ఎక్స్‌రే) తీయమ్మా అంటే చేతులు ఆడవు. వాళ్ల తప్పు కాదు. కొన్ని కాలేజీల వాళ్లు పిల్లల్ని పంపే ఆస్పత్రుల్లో వచ్చే కేసులే తక్కువ, ఆ కాసిన్ని కేసుల చుట్టూ క్లాసు క్లాసంతా మూగుతుంది, టెక్నీషియన్ గారు తీస్తుంటే అద్దం వెనకాల నుంచి చూడటమే ప్రాక్టికల్ అయిపోతుంది.

బయటివాళ్లకి ఎక్స్‌రే అంటే బటన్ నొక్కడమే కదా అనిపిస్తుంది. ఒక్క చెస్ట్ ఎక్స్‌రేలో ఎంత పనుందో చెప్తాను. పేషెంటు ఛాతీ బొమ్మ పడే ప్లేటుకి ఆనించి నిలబడాలి, ట్యూబ్ వెనకనుంచి 180 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. గుండె మనకి ముందువైపు ఉంటుంది కాబట్టి ఇలా తీస్తే ప్లేటుకి దగ్గరగా ఉండి అసలు సైజుకి దగ్గరగా పడుతుంది. మంచం మీద పడుకోబెట్టి ముందునుంచి తీస్తే మాత్రం, దీపం ముందు పెట్టిన చెయ్యి గోడకి దూరమయ్యేకొద్దీ నీడ పెద్దదైనట్టు, గుండె ఉన్నదానికన్నా పెద్దగా కనపడుతుంది. ఏపీ వ్యూ (ముందునుంచి తీసింది) అని ఫిల్మ్ మీద రాయకపోతే చూసే డాక్టరు గుండె పెరిగిందేమో అనుకునే ప్రమాదం ఉంది, పేషెంటు వాళ్లు ఎకో (గుండె స్కాన్) కోసం పరుగులు పెడతారు. భుజాలు ముందుకి వాల్చాలి, లేకపోతే భుజం రెక్కల ఎముకలు ఊపిరితిత్తుల మీద పడతాయి. కాస్త పక్కకి తిరిగినా చెడుతుంది, రెండు మెడ ఎముకల లోపలి కొసలూ వెన్నుపూస ముల్లుకి సమానదూరంలో ఉన్నాయా లేదా అని చూసుకోవాలి. గాలి పూర్తిగా పీల్చి ఆపాలి, సగం పీల్చి తీస్తే ఊపిరితిత్తుల కింది భాగంలో నిమోనియా లేకున్నా ఉన్నట్టు కనపడుతుంది. ఆ ముసలావిడకి "ఇన్‌స్పిరేషన్" అంటే ఏం తెలుస్తుంది, "అమ్మా, గాలి గట్టిగా లోపలికి లాగి బిగపట్టు" అని ముందు మనం చేసి చూపించి, ఆవిడ నిజంగా బిగపట్టిందో లేదో ఛాతీ వంక చూస్తూ అప్పుడు నొక్కాలి. ఇది పీపీటీలో ఎలా వస్తుందండి?

ఇంకోటి, డిజిటల్ వచ్చాక నేర్పడం మరీ కష్టమైంది. ఫిల్మ్ కాలంలో ఎక్స్‌పోజర్ ఎక్కువైతే ఫిల్మ్ నల్లగా మాడిపోయేది, తక్కువైతే తెల్లగా తేలిపోయేది, తప్పు చేతిలోనే కనపడేది. ఇప్పుడు కంప్యూటర్ సర్దేస్తుంది. ఎంఏఎస్ (వదిలే ఎక్స్‌రేల మోతాదు) తక్కువ పెడితే చుక్కచుక్కలుగా వస్తుంది కాబట్టి డాక్టర్ గారు తిడతారు, ఎక్కువ పెడితే బొమ్మ ఇంకా నీట్‌గా వస్తుంది, ఎవరూ ఏమీ అనరు. దాంతో పిల్లలు ఎక్కువ పెట్టడమే నేర్చుకుంటారు, ఆ ఎక్కువంతా పేషెంటు ఒంట్లోకే పోతుంది. మెషీన్ ప్రతి బొమ్మకీ ఎక్స్‌పోజర్ ఇండెక్స్ అని, ప్లేటు మీద ఎంత ఎక్స్‌రే పడిందో చెప్పే ఒక నంబరు చూపిస్తుంది, అది చూసి సరిదిద్దుకోమని రోజూ చెప్పేవాళ్లు ఉండాలి. కొలిమేటర్ (ఎక్స్‌రే ఎంతమేర పడాలో హద్దు పెట్టేది) సంగతీ అంతే. పసిపిల్లాడి చేతికి తీయమంటే లైట్ మొత్తం తెరిచి తీసేసి తర్వాత కంప్యూటర్లో చుట్టూ కట్ చేసేస్తారు, బొమ్మ చూస్తే చక్కగా చేతికే తీసినట్టుంటుంది, కానీ ఆ బిడ్డ పొట్ట మీద కూడా రేడియేషన్ పడింది. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే తీసిన స్టూడెంట్‌కి తను చేసింది తప్పని కూడా తెలీదు, ఎవరూ చెప్పలేదు. నోట్సులు కూడా పాతవి. జననాంగాల మీద లెడ్ షీల్డ్ పెట్టడం మామూలుగా ఇక అక్కర్లేదని అమెరికాలో మెడికల్ ఫిజిసిస్టుల సంఘం 2019లోనే చెప్పింది, మనవాళ్లు తిప్పే జిరాక్సు నోట్సుల్లో ఇంకా పాతమాటే ఉంది.

అసలు నేర్పకుండానే నైట్ డ్యూటీలో ఒంటరిగా వదిలేయడం ఇంకా ఘోరం. స్టాఫ్ లేరని ఇంటర్న్‌షిప్ పిల్లల చేత క్యాజువాలిటీ నడిపించే చోట్లు ఉన్నాయి, స్టైపెండ్ కూడా ఉండదు కొన్నిచోట్ల. బైకు మీద నుంచి పడ్డవాణ్ణి మెడకి కాలర్‌తో తీసుకొస్తారు. వాణ్ణి కదపకుండా, కాలర్ తీయకుండా, ట్యూబ్‌ని పక్కకి తిప్పి లేటరల్ (పక్కనుంచి తీసే వ్యూ) తీసి, ఏడో మెడ పూస కిందిదాకా వచ్చిందా అని చూసుకోవాలి. భుజాలు అడ్డొచ్చి అది కనపడకపోతే డాక్టర్‌కి చెప్పాలి. తెలీని పిల్లాడు మంచి వ్యూ కోసమని తల తిప్పితే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు. ఎంఆర్ఐ గదిలో అయితే 2018 జనవరిలో ముంబైలో జరిగింది అందరికీ గుర్తుండాలి. ఆక్సిజన్ సిలిండర్‌తో లోపలికి వెళ్లిన పేషెంటు బంధువుని మెషీన్‌లోని అయస్కాంతం లాగేసింది, ప్రాణం పోయింది. ఆ తలుపు దగ్గర నిలబడి "ఆగండి" అని గట్టిగా అనగలిగే ధైర్యం కూడా ట్రైనింగ్‌లోనే రావాలి.

ఈ స్టూడెంట్ల ఒంటి మీద పడే రేడియేషన్ సంగతి ఎవరూ మాట్లాడరు. ఇంటర్ అవ్వగానే చేరినవాళ్లలో పదిహేడేళ్లవాళ్లు ఉంటారు. మన దేశంలో 2004 రేడియేషన్ రక్షణ నిబంధనల ప్రకారం 18 నిండనివాళ్లని రేడియేషన్ పనిలో ఉద్యోగానికి పెట్టకూడదు, 16 దాటితే ట్రైనీగా మాత్రం తీసుకోవచ్చు, ఆ ట్రైనీకి ఏడాదికి 6 మిల్లీసీవర్ట్‌లు (రేడియేషన్ కొలత) మించకూడదని అణుశక్తి నియంత్రణ బోర్డు పరిమితి పెట్టింది. బాగానే ఉంది, మరి టీఎల్‌డీ బ్యాడ్జి ఇవ్వకుండా ఎంత పడిందో ఎలా తెలుస్తుంది? ఛాతీ దగ్గర, లెడ్ ఆప్రాన్ లోపల పెట్టుకుని మూడు నెలలకోసారి రీడింగ్‌కి పంపే చిన్న బ్యాడ్జి అది. ఫీజుల్లో లెక్క వేస్తే ఎంతవుతుంది, అయినా బ్యాడ్జి లేకుండా పోస్టింగ్‌కి వచ్చే పిల్లల్ని చూస్తున్నాను. ఏడ్చే పసివాణ్ణి కదలకుండా పట్టుకోమని కూడా స్టూడెంట్‌నే పిలుస్తారు, రోజూ అదే పిల్ల. అలా చేయకూడదు, పట్టుకోక తప్పకపోతే బిడ్డ తండ్రికో ఇంకెవరికో ఆప్రాన్ వేసి పట్టుకోమనాలి, గర్భంతో ఉన్నవాళ్లని అసలు పిలవకూడదు.

2021లో కేంద్రం అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం తెచ్చింది, రేడియాలజీ టెక్నాలజీ కూడా అందులో ఉంది, కోర్సుకి ఇన్ని గంటలు ఉండాలని కూడా రాశారు. గంటలు కాగితం మీద ఎవరైనా నింపుతారండి. నేను అడిగేది ఒక్కటే, ఏ వ్యూ ఎన్నిసార్లు తీశాడు, అందులో పక్కన ఒకరుండగా ఎన్ని, సొంతంగా ఎన్ని అని ప్రతి స్టూడెంట్‌కీ లాగ్‌బుక్ ఉండాలి, నేర్పిన రేడియోగ్రాఫర్ సంతకం లేనిదే డిగ్రీ ఇవ్వకూడదు. అమెరికాలో రిజిస్ట్రేషన్ కావాలంటే చేసి చూపించాల్సిన పరీక్షల జాబితాయే ఉంది, మనకెందుకు ఉండకూడదు? విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, వరంగల్ కాళోజీ యూనివర్సిటీ తల్చుకుంటే వచ్చే ప్రాక్టికల్ పరీక్షల నుంచే పెట్టొచ్చు. ఎగ్జామినర్ ట్యూబ్ బొమ్మ గీయమనడం మాని, కంప్యూటర్లో ఆ స్టూడెంట్ తీసినవే పేరు కనపడకుండా తెరిచి, ఇది ఎందుకు రిపీట్ చేశావు, ఇందులో ఇండెక్స్ ఎందుకు ఎక్కువొచ్చింది అని అడగాలి, పనికిరాక తీసేసినవి కూడా చూడాలి. మనిషి మీద మొదటిసారి తీసే ముందు చెయ్యి తిప్పుకోవడానికి ప్రతి కాలేజీలో ఒక ఫాంటమ్ (మనిషి ఒంటి నమూనా) ఉండాలి. అలాగే మాలాంటి వాళ్లని ఓపీ లైన్ చూసుకుంటూ మధ్యలో నేర్పమంటే అవ్వదు, నేర్పడానికే ఒక పోస్టు, దానికి టైము ఇవ్వాలి.

ఇవన్నీ అవ్వడానికి జీవోలు కావాలి, బడ్జెట్ కావాలి, టైం పడుతుందని తెలుసు. ఫస్టియర్ పిల్లలకి బ్యాడ్జీలు ఇవ్వడానికి మాత్రం దేనికోసమూ ఆగక్కర్లేదు, ఈ మూడు నెలల రీడింగ్ నుంచే మొదలుపెట్టొచ్చు.

ఇట్లు,
ఒక సీనియర్ రేడియోగ్రాఫర్,
ఏలూరు