ఆ పొద్దు బురద ఎత్తింది గుర్తుందా మామా

కర్నూలు,
అక్టోబరు 5

ఒరేయ్ మామా,

ఎట్లున్నావ్? పిల్లలు బాగున్నారా? ఫోన్‌లో రెండు ముక్కల్లో చెబితే తీరదని ఉత్తరం రాస్తున్నా. మొన్న గాంధీ జయంతి రోజు హంద్రీ ఒడ్డు శుభ్రం చేశాం. తారీఖు చూడగానే నీకూ అదే గుర్తొచ్చి ఉంటుంది. 2009 అక్టోబరు 2. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారే ఊళ్ళోకి వచ్చిన రోజు.

నీళ్ళు తీసినాక మీ ఇంట్లో మోకాటిలోతు బురద. బియ్యం డ్రమ్ములో బురద, మీ అమ్మ పెళ్ళి పట్టుచీరకు బురద. మనిద్దరం తట్టలతో ఎత్తి వీధిలో పోస్తుంటే, ఎదురింటోళ్ళు తమ ఇల్లు అట్లే వదిలిపెట్టి వచ్చి పార పట్టుకున్నారు. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. అది నా మనసులో నుంచి ఇన్నేళ్ళయినా పోలేదు రా. అందుకే అదే తారీఖు పెట్టుకున్నాం.

ఇరవై మంది వస్తే చాలనుకున్నా. పొద్దున ఆరున్నరకే డెబ్బై మంది దాకా వచ్చారు. కాలేజీ పిల్లలు, ఆటో డ్రైవర్లు, మసీదులో ఫజర్ నమాజు చదువుకుని నేరుగా వచ్చినవాళ్ళు, మన లెక్కల సారు కూడా. సారుకు మోకాళ్ళ నొప్పి, వంగలేడు. గోనెసంచులు మూతి విప్పి పట్టుకుని నిలబడతానన్నాడు, చివరిదాకా నిలబడ్డాడు.

పని మాత్రం అనుకున్నంత సులువు కాదు. కంపచెట్లకు చుట్టుకున్న చీరలు, గుడ్డలు ఒక ఎత్తు, మట్టిలో కూరుకుపోయిన కవర్లు ఒక ఎత్తు. పైకి వేలెడే కనిపిస్తుంది. లాగితే చినిగి చేతిలోకి ముక్క వస్తుంది, మిగతాది లోపలే ఉండిపోతుంది. నేను అట్లా పది చించినాక, మాతో వచ్చిన పారిశుద్ధ్య కార్మికురాలు, మా అమ్మ వయసు ఉంటుంది, నా చేయి పట్టుకుని ఆపింది. ‘లాగద్దు నాయనా, ముందు చుట్టూ మన్ను కదిలించు’ అంది. వంకీ కట్టెతో అటూ ఇటూ గెలికి, మెల్లగా ఎత్తింది. కవరు కింద కవరు, దాని కింద ఇంకో కవరు, పొరలు పొరలుగా మూరెడు దళసరి లేచింది. ఆమె రోజూ చేసే పని అది. ఆమెను ఇన్నేళ్ళూ మన వీధిలోనే చూస్తూ ఒక్కనాడు పేరు అడగనందుకు సిగ్గేసింది. ఆ రోజు అడిగా.

ప్లాస్టిక్ గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం కదా, ఏట్లో మాత్రం కుప్పలు. ఆ వరదప్పుడు ఏరు తెచ్చి మన ఇళ్ళల్లో పోసింది. ఇప్పుడు మనం మోసుకెళ్ళి ఏట్లో పోస్తున్నాం. నాకు నిజంగా కడుపు మండింది.

వేపచెట్టు కింద ఇంకో సంగతి. పగిలిన దేవుడి పటాలు, రంగు పోయిన ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ వినాయకుడి తొండం, చేతులు. మట్టి వినాయకుడైతే నీళ్ళల్లో కరిగి పోయేవాడు. వాటిని చెత్తసంచిలో వెయ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఒకామె తన చున్నీ పరిచి ఒక్కొక్కటీ దాని మీద పెట్టింది. పటాల్లో అద్దం, చెక్క, కాగితం వేరు చేశాం. కాగితాలు తీసుకెళ్ళి గుడి దగ్గర పూజారికి అప్పగించాం.

తొమ్మిదింటికి ఉగ్గాని, బజ్జీ. ఇండ్ల నుంచి స్టీలు ప్లేట్లు తెప్పించి, తిన్నాక ఎవరిది వాళ్ళే కడుక్కున్నాం. కిందటిసారి ట్రాక్టర్ పంపిస్తామన్నవాళ్ళు పంపలేదు, మూడు రోజులు సంచులు ఒడ్డునే ఉండి కుక్కలు చించి, అంతా మళ్ళీ ఏట్లోకే పోయింది. ఈసారి ముందు ట్రాక్టర్ వచ్చి నిలబడినాకే పార పట్టుకున్నాం. రెండు ట్రిప్పులు నిండా పోయింది.

అయినా శుభ్రమైంది వంతెన నుంచి రెండొందల అడుగులే మామా. అవతల అంతా అట్లే ఉంది. నెలకొకసారి దిగుదామని ఒప్పుకున్నాం. సంక్రాంతికి వస్తావు కదా, ఆ నెలది నువ్వు వచ్చినప్పుడే పెట్టిస్తా. పాత బూట్లు తెచ్చుకో, చెప్పులతో అయితే గాజుపెంకులు గుచ్చుకుంటున్నాయి. అమ్మకు నమస్కారాలు చెప్పు.

నీ పక్క బెంచీవాడు