డిశ్చార్జి తర్వాత రెండు వారాలు

సంపాదకులకు నమస్కారం.

హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడం కాదు, ఒంటికి సరిపడా రక్తాన్ని పంపు చేయలేకపోవడం. మా నాన్నగారికి ఈ జబ్బు బయటపడినప్పుడు ఈ మాత్రం కూడా మాకెవరూ చెప్పలేదు. మందులు రాసి, మూడు నెలల తర్వాత రమ్మన్నారు. మూడు వారాలకే ఆయన కాళ్లు వాచాయి. పడుకుంటే ఆయాసం, రాత్రంతా దిండ్లకు ఆనుకుని కూర్చోవడమే. మళ్లీ అడ్మిషన్, మళ్లీ టెన్షన్.

2022లో ‘లాన్సెట్’ వైద్య పత్రిక ప్రచురించిన, హార్ట్ ఫెయిల్యూర్ రోగులపై జరిగిన స్ట్రాంగ్-హెచ్ఎఫ్ పరిశోధన చదివాక బాధ ఇంకా పెరిగింది. 14 దేశాల్లో 1,078 మంది రోగులు. కొందరికి డిశ్చార్జి అయిన రెండు వారాల్లోనే మందులను పూర్తి డోసుకు పెంచి, తరచూ పిలిచి రక్తపరీక్షలు చేశారు. ఆరు నెలల్లో చనిపోయినవారు, హార్ట్ ఫెయిల్యూర్‌తో మళ్లీ ఆస్పత్రిలో చేరినవారు కలిపి మామూలు వైద్యంలో 23.3 శాతం, ఈ పద్ధతిలో 15.2 శాతం. మందులా, మన దగ్గరే ఉన్నాయి. షుగర్ మాత్రగా వచ్చిన డపాగ్లిఫ్లోజిన్ షుగర్ లేని హార్ట్ ఫెయిల్యూర్ రోగులకూ పనిచేస్తుందని 2019లోనే తేలింది. ఇప్పుడు జనరిక్ కూడా దొరుకుతోంది.

హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు (కాలనీల్లోని చిన్న ప్రభుత్వ క్లినిక్‌లు) ఉన్నాయి, అక్కడ రక్త నమూనాలూ తీసుకుంటారు. డిశ్చార్జి కాగితంపైనే రెండు వారాల్లోపు తేదీ వేసి, బరువు, బీపీ, రక్తంలో పొటాషియం దగ్గరి దవాఖానాలో చూసే ఏర్పాటు చేయాలని ఆరోగ్య శాఖను వేడుకుంటున్నాను.

– ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్