కాలనీ పెంపుడు జంతువుల సంఘం: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చుల కాగితం కోశాధికారిగారు విడిగా ఇస్తున్నారు, వాటి జోలికి నేను పోను. సెప్టెంబరు 28న, ప్రపంచ రేబిస్ దినం నాడు, ఎప్పటిలాగే టీకాల శిబిరం పెట్టాం. మధ్యలో వాన వచ్చి షామియానా కారినా ఎవరూ వెనక్కి పోలేదు. బీచ్ రోడ్డు మీద కుక్కల్ని తిప్పేవాళ్లు మలం ఎత్తడానికి కవరు వెంట ఉంచుకోవాలని పోయినేడాది చేసిన తీర్మానం మాత్రం ఇంకా తీర్మానంగానే ఉంది. దాని గురించి ఇంతకన్నా రాస్తే గొడవలవుతాయి.

మిగతా నివేదికంతా మందులూ చిట్కాల గోలే. అందుకు మొదటి బాధ్యుణ్ణి నేనే.

మన విశాఖ ఉక్కపోతకి జూలైలో మా కుక్క రాజాకి పిడుదులు పట్టాయి. వెల్లుల్లి పెడితే ఆ వాసనకే రాలిపోతాయని ఎవరో అంటే, పెరుగన్నంలో దంచిన వెల్లుల్లి కలిపి నాలుగు రోజులు పెట్టాను. ఊరుకోకుండా మరో ఇద్దరికి చెప్పాను కూడా. ఐదో రోజు పొద్దున వాడు గేటు పక్కన కాలెత్తితే మూత్రం డికాక్షన్ రంగులో వచ్చింది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. పిడుదుల వల్ల వచ్చే బెబీసియా జ్వరంలోనూ ఇలాగే అవుతుందని డాక్టరుగారు ముందు రక్తం స్లైడు చూశారు. అది కాదు, వెల్లుల్లే. ఉల్లి, వెల్లుల్లి జాతిలో ఉండే గంధక పదార్థాలు కుక్కల, పిల్లుల ఎర్ర రక్తకణాలను పగలగొడతాయట. రాజా కోలుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఇంతా చేస్తే, చెవి మడతల్లో, కాలివేళ్ల సందుల్లో పిడుదులు నిక్షేపంగా ఉన్నాయి.

మరి ఆ చిట్కాతో బాగుపడ్డ కుక్కల మాటేమిటని ఆగస్టు సమావేశంలో ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆడ పిడుదు కడుపు నిండా రక్తం తాగాక తనంతట తనే రాలిపోయి, గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. సరిగ్గా అది రాలే రోజుల్లో మనం వెల్లుల్లి పెట్టి ఉంటే ఆ ఘనత వెల్లుల్లికి దక్కుతుంది. కాకి వాలింది, తాటిపండు పడింది. కొన్నాళ్లకి గుడ్లు పిగిలి పిల్లలు మళ్లీ ఎక్కుతాయి, అప్పుడు మాత్రం ఎవరూ వచ్చి చెప్పరు.

రెండో సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు. మూడో వీధి పిన్నిగారే రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. వాళ్ల పిల్లి చిట్టికి జలుబు చేసి ఒళ్లు కాలుతుంటే, ఇంట్లోవాళ్లు పారాసిటమాల్ 500 బిళ్లలో సగం నలిపి పాలలో పోశారు. పసిపిల్లలకి కూడా ఇచ్చే మందే కదా అనుకున్నారు. సాయంత్రానికి దాని మొహం, పాదాలు వాచాయి, చిగుళ్లు చాక్లెట్ రంగుకి తిరిగాయి. ఆ మందుని విరిచి బయటికి పంపే ఎంజైము మన కాలేయంలో ఉన్నట్టు పిల్లి కాలేయంలో ఉండదు, ఉన్నా చాలా తక్కువ. దాంతో దాని రక్తం ప్రాణవాయువుని మోయలేకపోతుంది. విరుగుడు ఉంది, వేళకి పడాలి. చిట్టి తెల్లారేలోపే పోయింది. తాయెత్తు కడతానంటే మనలో చాలామందిమి నవ్వేవాళ్లమే. మందుల షాపు సరుకు అనేసరికి ఎవరికీ అనుమానం రాలేదు.

నవంబరులో వాచ్‌మన్ కొడుకుని వీధి కుక్క పిక్క మీద కరిచింది. గాయానికి సున్నం, కారం పట్టిద్దామని ఒకరు, పసరు వేసే ఆయన దగ్గరికి తీసుకెళదామని ఇంకొకరు. 'అక్కడికి వెళ్లినవాళ్లెవరూ చచ్చిపోలేదు' అన్నది వాళ్ల వాదన. కరిచిన ప్రతి కుక్కకీ రేబిస్ ఉండదు కాబట్టి, పసరు వేసినా వెయ్యకపోయినా వాళ్లలో చాలామంది బతికేవాళ్లే. కానీ నిజంగా వైరస్ ఒంట్లోకి వెళ్లి, లక్షణాలు బయటపడ్డాక మాత్రం దాదాపు ఎవరూ బతకరు. మన ఉపాధ్యక్షురాలు వాదనలో దిగకుండా పిల్లాణ్ణి కుళాయి కింద కూర్చోబెట్టి, సబ్బు పెట్టి 15 నిమిషాలు గడియారం చూసి మరీ గాయం కడిగారు. తర్వాత ఆటోలో కేజీహెచ్‌కి, అంటే మన పెద్ద ప్రభుత్వాసుపత్రికి, తీసుకెళ్లారు. రక్తం వచ్చిన గాయం కనక చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్, అంటే వైరస్‌ని వెంటనే అడ్డుకునే తయారు యాంటీబాడీల మందు, వేశారు. టీకా ఆ రోజు, తర్వాత 3, 7, 28 రోజులకి. వాళ్ల నాయనమ్మ భయమంతా బొడ్డు చుట్టూ 14 సూదుల గురించి. అది గొర్రె మెదడుతో చేసిన పాత టీకా, మానేసి 20 ఏళ్లు దాటింది. ఇప్పుడు భుజం దగ్గర చిన్న పోటు. పిల్లాడు కోర్సు పూర్తి చేశాడు. ఆ కుక్క టిఫిన్ బండి దగ్గర ఇప్పటికీ తిరుగుతోంది, దానికీ టీకా వేయించాం.

శిబిరం రోజు ఒకాయన వచ్చి స్టాల్ అడిగాడు. ఆయన చుక్కలు వేస్తే కుక్కపిల్లలకి పార్వో (వాంతులు, రక్త విరేచనాలతో ప్రాణం తీసే వైరస్ జబ్బు) టీకా అక్కర్లేదట. పిల్ల బరువుని బట్టి మోతాదు ఎంత, ఎక్కువైతే ఏమవుతుంది, రాసిచ్చిన డాక్టరుకి వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా అని అడిగాం. 'నాచురల్ అండీ, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు' అన్నాడు. 'గన్నేరు కూడా నాచురలే బాబూ' అన్నారు మన మాస్టారు. స్టాల్ ఇవ్వలేదు. మాయమందుల ప్రకటనలపై 1954లో వచ్చిన చట్టం మనుషుల మందులతో పాటు పశువుల మందులకీ వర్తిస్తుందని మాస్టారే వెతికి చెప్పారు. అప్పటిదాకా నాకూ తెలీదు.

ఒక ఫిర్యాదు మాత్రం నమోదు చేయాలి. ప్రైవేటు క్లినిక్‌లో ఒకసారి అడుగుపెడితే అయ్యే ఖర్చుకి భయపడే జనం చిట్కాలవైపు పోతున్నారని ఇద్దరు సభ్యులు గట్టిగా అన్నారు. ఆ మాట కొట్టెయ్యలేం. అత్యవసరానికి చిన్న నిధి పెట్టాలా వద్దా అన్నది ఈసారి సభ ముందుకు వస్తుంది. చందా పెంచకుండా అది ఎలా కుదురుతుందో నాకైతే అర్థం కావడం లేదు.

సర్వసభ్య సమావేశం వచ్చే ఆదివారం సాయంత్రం 5 గంటలకి, పార్కులో. కుక్కల్ని తీసుకురావచ్చు. బజ్జీలు మనుషులకి మాత్రమే, పైన చల్లేది ఉల్లిపాయలే.

కార్యదర్శి